కల్లం ఉన్న చోట

మా జొన్నచేను డెవలప్‌మెంటుకు ఇచ్చినందుకు మా వంతుకు వచ్చిన ఫ్లాటు పదకొండో అంతస్తులో ఉంది. బాల్కనీలో నిలబడితే పుప్పాలగూడ గుట్టలు కనపడాలి. పగలగొట్టినవి పోగా మిగిలినవి మేడల సందుల్లో రెండో మూడో కనిపిస్తాయి.

మొన్న ఆదివారం కోడలు ఫోన్‌లో నొక్కింది. అరగంటలో బండి మీద పిల్లవాడు డబ్బా తెచ్చి ఇచ్చిపోయాడు. లోపల గుప్పెడు కొర్రన్నం, నాలుగు కీరా ముక్కలు, పైన గుమ్మడి గింజలు. ధర మూడువందల ఎనభై. "తాతా, ఇది హెల్దీ ఫుడ్, నువ్వూ తిను" అన్నాడు మనుమడు. సగం తిని, చాలని మూతపెట్టి, మూతతో సహా చెత్తబుట్టలో వేశాడు. నాకు ప్రాణం విలవిల్లాడింది.

మా రోజుల్లో కోడి కూయకముందే మా అవ్వ ఇసుర్రాయి ముందు కూర్చునేది. పొద్దున అంబలి, పగటికి రొట్టె, రాత్రికి గట్క. జొన్నపిండిలో సలసల కాగే నీళ్లు పోసి, కలిపి, చల్లారకముందే అరచేత్తో చరిచి పెనం మీద వేసేది. పైన తడిచేత్తో ఒక్కసారి అద్దితే ఆవిరి లేచి ఇల్లంతా ఆ వాసనే. అందులోకి పుంటికూర పప్పు. కంది, పెసర, అనుములు జొన్నల సాళ్ల మధ్యే పండేవి. పుంటికూర గట్టు మీద మొలిచేది. ఇప్పుడు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఒక మనిషికి రోజుకు 400 గ్రాముల కూరలు, 85 గ్రాముల పప్పు కావాలంటున్నది. అవ్వ లెక్క చూసి పెట్టలేదు, చేను ఏది ఇస్తే అది పెట్టింది.

మా రోజుల్లో అంతా పాలూ తేనే అని చెప్పను. 1972 కరువులో గట్క పల్చబడి అంబలి అయింది, అంబలి పల్చబడి నీళ్లయింది. జొన్న ఒక్కటే తిని, పప్పూ పాలూ ఎరగని పేదలకు పెల్లాగ్రా వచ్చి చర్మం పగిలేది. ఆ రోగం మీద హైదరాబాదులోనే, ఆ పోషకాహార సంస్థలోనే, డాక్టర్ గోపాలన్ గారు, ఆయన తోటి డాక్టర్లు ఏళ్ల తరబడి పనిచేశారు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు మా వాడలో పొయ్యి వెలగని ఇళ్లలో పొయ్యి వెలిగింది. ఆ బియ్యాన్ని నేను తప్పుపట్టను. దానితోపాటు జొన్నలకు, తైదలకు కూడా చోటు ఇచ్చి ఉండాల్సింది. తెల్లన్నమే మర్యాద, గట్క పేదరికం అని మేమే నేర్చుకున్నాం, పిల్లలకూ మేమే నేర్పాం.

నాకు అన్నిటికన్నా గుర్తొచ్చేది కల్లం. పంట నూర్చిన రోజున చాకలి, కమ్మరి, వడ్లాయన, కూలికి వచ్చిన ఆడవాళ్లు, దారినపోయే బిచ్చగాడు, ఎవరి కొంగూ ఖాళీగా తిరిగిపోయేది కాదు. అందులో పెద్దరికం ఉండేది, తక్కువచూపూ ఉండేది. అయినా ఊళ్లో ఎవరింట్లో గింజలు లేవో ఊరికి తెలిసేది. ఇప్పుడు పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియదు. నిరుడు మా క్లబ్‌హౌస్‌లో ఒక పుట్టినరోజు జరిగితే, రాత్రి పదకొండింటికి గంగాళం నిండా బగారా అన్నం చెత్తబండిలో కుమ్మరించారు. నేను అక్కడే నిలబడి చూశాను. ఐక్యరాజ్యసమితి లెక్కలో 2022లో ప్రపంచమంతా ఇలా పారబోసిన తిండి 105 కోట్ల టన్నులు. 2024లో ఆకలితో ఉన్నవాళ్లు 67 కోట్ల పైచిలుకు. మన తెలంగాణ సంగతే చూడండి. 2019లో ఇంటింటికీ తిరిగి చేసిన కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు పిల్లల్లో మూడోవంతు మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. నూటికి డెబ్బైమంది పసివాళ్లకు రక్తం తక్కువ. అదే సర్వేలో పదిమంది ఆడవాళ్లలో ముగ్గురు ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువు.

నా భార్య పుట్టిల్లు జహీరాబాద్ వైపు. అక్కడ పస్తాపూర్, చుట్టుపక్కల ఊళ్లలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, 1990లలో బీడు భూములు దున్ని జొన్నలు పండించారు. అప్పు గింజల్లోనే తీర్చారు. ఊళ్లో ఎవరు పేదో ఊరే కూర్చుని తేల్చి, ఆ గింజలను వాళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. మా కల్లం చేసిన పనే, కాని చెయ్యి చాచే పని లేకుండా చేశారు. 2019లో వాళ్లకు ఐక్యరాజ్యసమితి ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఆ ఊళ్లకు అల్లుణ్నయినందుకు నాకు గర్వం.

మా కల్లం ఉన్న చోట ఇప్పుడు రేకుల షెడ్లు ఉన్నాయి, పక్కన లేస్తున్న టవరు కూలీలవి. పోయిన వారం అటు నడిచాను. ఒకావిడ పిల్లవాడికి అన్నంలో కారం, నూనె కలిపి పెడుతోంది. కూర లేదు, పప్పు లేదు. పిల్లవాడికి మూడేళ్లు దాటాయట, చూస్తే రెండేళ్ల వాడిలా ఉన్నాడు. ఏ ఊరమ్మా అంటే పాలమూరు అంది.

"మీ దిక్కు జొన్నలు మస్తు పండుతుండె కదా, రొట్టె చెయ్యవా?"

"ఇప్పుడు జొన్నలు ఎవరేస్తున్నరు పెద్దయ్యా, అంతా పత్తే. కొనాలంటే బియ్యం కన్న పిరం."

వాళ్ల రేషన్ కార్డు ఊళ్లో అత్త దగ్గర ఉంది, బియ్యం ఆమె తెచ్చుకుంటోంది. అంగన్‌వాడీకి పంపుతున్నావా అంటే, ఆర్నెల్లకో చోట ఉంటాం, ఎవరు రాసుకుంటారు అంది. మర్నాడు పిల్లవాడిని, తల్లిని వెంటబెట్టుకుని అంగన్‌వాడీకి పోయాను. టీచరమ్మ మంచిది, పిల్లవాడిని తూచింది, పేరు రాసుకుంది, గుడ్డు చేతిలో పెట్టింది. వాడు ఒలవడం రాక అలాగే పట్టుకుని కూర్చున్నాడు. నేనే ఒలిచి ఇచ్చాను.

నిన్న మళ్లీ పోతే మేస్త్రీ చెప్పాడు, స్లాబు పని అయిపోయింది, వచ్చే సోమవారం అందరూ కొల్లూరు పోతున్నారని.