రెండు గొలుసులు

పెద్దతిప్పసముద్రంలో జూన్ వచ్చిందంటే టమోటా కోతలు. కోసిన కాయను క్రేట్లకెత్తి ములకలచెరువుకో, అంగళ్లుకో, మదనపల్లెకో అదే రోజు చేర్చాలి. మదనపల్లె యార్డులో 2023 జూలైలో కిలో 150 రూపాయలు దాటిన కాయ ఇదే. ధర పడిపోయిన ఏడు రోడ్డు పక్కన పారబోసిందీ ఇదే. ధర ఎట్లున్నా కోతకు మనుషులు కావాలి, ఆ మనుషులు తోటకు చేరాలంటే ట్రాక్టరు ట్రాలీ కావాలి.

ఆ పొద్దు ఊరి చివర చింతచెట్టు కింద ట్రాలీ తగిలించిన ట్రాక్టరు నిలబడి ఉంది. డ్రైవరు డీజిలు తేవడానికి పోయాడు. సద్ది క్యారేజీలు పక్కన పెట్టుకుని ఇరవై మందిదాకా కూలి ఆడవాళ్లు చెట్టు కింద కూర్చున్నారు. ట్రాక్టరు ఆసామి మేనల్లుడు ముందురోజే పెళ్లాం పిల్లలతో అమెరికా నుంచి దిగాడు. మెకానికల్ ఇంజనీరు. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. ఊరిని మరచిన మనిషి కాదు, మామ ఏది అడిగినా కాదనడు. అక్కడి రాత్రి ఇక్కడ పగలు కావడంతో నిద్ర పట్టక మామ వెంట చెట్టు కిందికి వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉండక ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించాడు. పికప్ ట్రక్కు వెనక తగిలించిన చక్రాల ఇల్లు.

"పికప్ అంటే మన బొలెరో మాదిరేనా అల్లుడూ?" అన్నాడు మామ.

"అట్లాంటిదే మామా, ఇంకా పెద్దది. వెనక ఇల్లుండాది చూడు, దాంట్లో మంచాలు, పొయ్యి, ఫ్రిజ్జు, నీళ్లతొట్టి అన్నీ ఉండాయి. పిల్లోళ్లకు సెలవులిస్తే కొలరాడో కొండలకు తీసకపోతాం."

మొదటిసారి పోయినప్పటి సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. డాలస్ నుంచి అమరిల్లో వైపు పోయే 287వ నంబరు రోడ్డు. చుట్టూ బయలు, అడ్డం లేని గాలి. పక్కనుంచి పెద్ద లారీ ఒకటి దాటిపోయింది. ఆ గాలి తోపుకు వెనక ఇల్లు కుడికీ ఎడమకీ ఊగింది. రెండో ఊపు మొదటిదానికన్నా పెద్దది, మూడోది ఇంకా పెద్దది. చేతిలో స్టీరింగు ఉన్నా బండి అతని మాట వినడం మానేసింది.

"అప్పుడు బ్రేకు తొక్కితే అయిపోయినట్టే మామా. ముందు బండి ఆగుతుంది, వెనకది ఆగదు, తోసుకోనొచ్చి మడిచేస్తుంది. యాక్సిలేటరు మింద కాలు తీసేయాల, స్టీరింగు నిలకడగా పట్టుకోవాల. డాష్‌బోర్డు కింద చిన్న మీట ఉంటుంది. దాన్ని చేత్తో నొక్కితే వెనక ట్రైలర్‌కున్న బ్రేకులు మాత్రమే పడతాయి. అది వెనక్కు లాగుతుంది, వరస చక్కబడుతుంది. అట్ల నొక్కబట్టి బతికినాం."

అతని పెద్ద శరీరం ఒక్కసారి ఆ ఊపును తలుచుకుని వణికింది. ఆ తర్వాత అతను ఆ సంగతిని ఎంత పట్టుదలగా చదివాడో, ఎంత శ్రద్ధగా సరిచేశాడో వింటుంటే ముచ్చటేసింది. తనను నమ్మి బండెక్కిన వాళ్ల కోసం ఒక మనిషి పడాల్సిన కష్టం అదే.

మొదట కాటాకు తీసుకుపోయాడట. అక్కడ రోడ్ల పక్కన లారీలు ఆగేచోట కాటాలుంటాయి. ట్రైలర్ మొత్తం మూడు వేల కిలోలు తూగింది. అందులో పికప్ కొక్కెం మీద పడుతున్నది 180 కిలోలే. ఉండాల్సింది నూటికి 10 నుంచి 15 పాళ్లు, అంటే 300కు తగ్గకుండా, 450కి మించకుండా. ఎందుకు తగ్గిందా అని చూస్తే నిండు నీళ్లతొట్టి ఇరుసుకు వెనక ఉంది, పిల్లల సైకిళ్లు నాలుగూ ఇంటి వెనక గోడకు తగిలించి ఉన్నాయి.

"వెనక బరువు. అంతే గదా?" అన్నాడు మామ. "ఎడ్లబండికీ అంతే గదరా. వెనక బరువైతే నొగలు లేస్తాయి, కాడి పైకి పోతాది, మెడ కింద పలుపు ఎద్దు గొంతుకు బిగుసుకుంటాది. ముందు బరువైతే దాని మెడ పుండు పడతాది. మా నాయన చెనిక్కాయ మూటలు ఎత్తినాక, ఎద్దుల్ని కట్టకముందే కాడి పట్టుకోని ఒకసారి ఎత్తి చూస్తా ఉండె. ఒక మనిషి చేతికి రొంత బరువు తెలిస్తే సరి. మరీ తేలికైనా, అసలు లేవకపోయినా మూటలు దించి మళ్లా సర్దుతా ఉండె."

అల్లుడు మామను అట్లే చూస్తూ నిలబడ్డాడు. తాను కాటా చీటీలు, లెక్కలు పెట్టుకుని తేల్చింది తాత చేత్తో తేల్చేవాడన్నమాట.

తర్వాత చెప్పింది ఇంకా ముఖ్యమైన మాట. లాగే బలం వేరు, మోసే బలం వేరు. కంపెనీ ప్రకటనలో నాలుగైదు టన్నులు లాగుతుందని రాస్తారు. అది నిజమే. కానీ కొక్కెం మీద పడే బరువు, బండిలో కూర్చునే మనుషులు, వెనక వేసే సామాను, అన్నీ మోయాల్సింది పికప్ వీపే. అది ఎంత మోయగలదో డ్రైవరు తలుపు తీస్తే అక్కడ అంటించిన చిన్న చీటీలో ఉంటుంది. చాలా బండ్లకు అది ఒక టన్ను కూడా ఉండదు. లాగగలదు కదా అని కొన్నవాళ్లు ఆ చీటీ చదవరు. వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు గాల్లో తిప్పినట్లయినప్పుడుగానీ వాళ్లకు తెలియదు.

దానికీ మందు ఉంది. కొక్కేనికి రెండు పక్కలా ఉక్కు బద్దెలు బిగిస్తారు. అవి వెనక ఇరుసు మీద పడ్డ బరువును కొంత ముందు చక్రాలకూ, కొంత ట్రైలర్ చక్రాలకూ పంచుతాయి. ఊపును కూడా రాపిడితో అణిచేవి దొరుకుతాయి. అతను అది కొన్నాడు. అయితే ముందు నీళ్లతొట్టి ఖాళీ చేసి, సైకిళ్లు పికప్‌లోకి మార్చి, బరువైన సామాను ఇరుసుకు ముందుకు జరిపాకే కొన్నాడు. సర్దుడు తప్పుగా ఉంటే ఎంత ఖరీదైన బద్దెలైనా కాపాడవని గట్టిగా చెప్పాడు. టైర్ల గాలి బయలుదేరే ముందు చల్లగా ఉన్నప్పుడే చూస్తాడు. వేగం గంటకు 100 కిలోమీటర్లు దాటనివ్వడు.

"ఇంత చేసినా కొక్కెం ఊడితే?" అని ఒకామె అడిగింది.

"ఊడినా పోకూడదక్కా. దానికే రెండు గొలుసులుంటాయి. ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి తగిలిస్తాం. కొక్కెం ఊడితే ట్రైలర్ ముక్కు ఆ గొలుసుల మీద పడుతుంది, రోడ్డులో దిగబడదు, పక్కకు పోయి ఎవరినీ గుద్దదు. ఆ గొలుసులూ తెగితే ఇంకో సన్న తీగ ఉంటుంది. అది లాగిన వెంటనే ట్రైలర్‌లో ఉండే బ్యాటరీతో దాని బ్రేకులు దానికే పడిపోతాయి."

పెద్ద వయసు అవ్వ ఒకామె అంతదాకా నోరు మెదపలేదు. "ఆ ఇల్లు పోతా ఉంటే నీ బిడ్డలు లోపల మంచాల మింద పండుకుంటారా నాయనా?" అంది.

"అయ్యో, లేదవ్వా! పోయేటప్పుడు దాంట్లో ఎవురూ ఉండకూడదు. మా టెక్సస్‌లో అది నేరం. ఎంత బాగా తగిలించినా వెనక లాక్కొనిపోయే బండి బండే. మనుషులు కూర్చునేది ముందు బండిలోనే, బెల్టు పెట్టుకోని."

అవ్వ తల ఊపింది.

గొలుసులు ఎక్కడ తగిలిస్తారో చూపిస్తానని అతను లేచి ట్రాక్టరు వెనక్కు పోయి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ట్రాలీ నొగను ట్రాక్టరుకు కలిపేది ఒకే ఒక పిన్ను. పిన్ను పైకి లేవకుండా అడుగున ఉండాల్సిన లాకు లేదు, ఆ రంధ్రంలో కట్టుకమ్మి మెలిపెట్టి ఉంది. గొలుసు లేదు, గొలుసు తగిలించడానికి రింగు కూడా లేదు. ట్రాలీ చక్రాలకు బ్రేకులు లేవు. వెనక్కు పోయి చూశాడు. దీపం లేదు, చీకట్లో మెరిసే ఎర్ర బిళ్ల కూడా లేదు.

ఇది ఈ ఒక్క ట్రాలీ కథ కాదు. సరుకు బండిలో మనుషులను ఎక్కించకూడదని మన చట్టమూ చెబుతుంది. అయినా 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పడమటి తండా దగ్గర కూలికి పోతున్న ట్రాక్టరు కాలువలో పడి 9 మంది ఆడవాళ్లు పోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర మరో ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది పోయారు, ఒక్క పసిబిడ్డ తప్ప అందరూ కూలికి పోతున్న ఆడవాళ్లే. కారణం చోటుచోటుకూ వేరు కావచ్చు, ఎక్కిన మనుషులు మాత్రం ఒకే రకం మనుషులు.

డ్రైవరు వచ్చి డీజిలు పోశాడు. ఆడవాళ్లు కొంగులు దోపుకుని చక్రం మీద కాలు పెట్టి ట్రాలీలోకి ఎక్కసాగారు. అవ్వను ఇద్దరు చేయి పట్టి పైకి లాగారు.

ఆ కట్టుకమ్మిని చేత్తో కదిపి చూసిన అల్లుడికి నిజంగానే కోపం వచ్చింది. ముఖం ఎర్రబడింది. "ఏం మామా ఇది? ఇరవై మంది ఎక్కే బండికి ఇదా? ఇట్లాంటి ట్రాలీ చేయించినోడెవడు? మనిషేనా వాడు?"

మామ తలపాగా విప్పి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. గొంతు పెంచలేదు.

"డబ్బు పంపింది నువ్వే గదా అల్లుడూ. ట్రాలీ చేసే షెడ్డులోనుంచే నీకు ఫోన్ చేస్తిని. గొలుసు, బ్రేకులు, వెనక లైట్లు పెడితే ఇంకో నలభై వేలు అవుతాదంటా ఉండారు, ఏం చేద్దాం అని అడిగితిని. 'పొలానికి పోయేదానికి అవన్నీ ఎందుకు మామా, ఎక్కేది కూలోళ్లే గదా' అంటివి."