మాటలకు చుక్కలు పెట్టే అధికారి గారికి

లోక్‌సభ సచివాలయంలో సభా మర్యాదకు తగని మాటల చిట్టా తయారుచేసే అధికారి గారికి నమస్కారాలు.

అయ్యా, తమరి పేరు నాకు తెలియదు గానీ పని తెలుసు. సభ్యుడు నోరు జారతాడు. సభాపతి 380వ నిబంధన కింద ఆ మాటను రికార్డుల నుంచి తొలగించమంటారు. మీరు అక్కడ చుక్కలు పెడతారు. అలా పోగైన మాటలన్నీ కలిపి పుస్తకం వేస్తారు. 1954లో మొదలైన ఈ పుస్తకం 2022 నాటికి 1,100 పేజీలకు చేరిందట. తిట్ల మీద ఇంత పరిశోధన చేసినవాళ్లు దేశంలో మరొకరు ఉండరు.

2022 జూలైలో, వర్షాకాల సమావేశాలకు ముందు బయటికొచ్చిన మీ చిట్టా చూసి ప్రతిపక్షాలు గగ్గోలు పెట్టాయి. అవినీతిపరుడు, అసమర్థుడు, ద్రోహం, నాటకం, కపటం, మొసలి కన్నీరు... ఆఖరికి మన శకుని మామ కూడా అందులో ఉన్నాడు. ఏ మాటనూ నిషేధించలేదనీ, ఇదివరకు తొలగించినవాటినే ఒకచోట చేర్చామనీ స్పీకర్ ఓం బిర్లా గారు వివరణ ఇచ్చారు. నిజమే, ఒప్పుకుంటాను. అయినా ఆ చిట్టా ఇంకోసారి తిరగేయండి. ఇవన్నీ పక్కన పెడితే అవినీతిపరుణ్ణి ఏమని పిలవాలి? "తమరి నిజాయితీ ఈమధ్య కాస్త పలచబడినట్టుంది" అనాలా? ఇప్పుడు ఏలుతున్నవాళ్లు రేపు ఎదుటి బల్లల మీదికి వస్తే వాళ్లకూ ఇదే తిప్పలు.

చిట్టా చూసి మనుషుల్ని లెక్కగడితే ఏమవుతుందో మీకు తెలియనిది కాదు. "గాడ్సే" అన్న మాట ఏళ్ల తరబడి అందులో ఉండేది. నాసిక్ నుంచి హేమంత్ గాడ్సే ఎంపీగా గెలిచి వచ్చేసరికి పాపం ఆయన ఇంటిపేరే సభా మర్యాదకు విరుద్ధమై కూర్చుంది. ఆయన మొరపెట్టుకున్నాక 2015లో సవరించారు.

నేను బూతుల్ని వెనకేసుకురావడం లేదు. 2023 సెప్టెంబరులో చంద్రయాన్ విజయం మీద చర్చ జరుగుతుండగా ఒక సభ్యుడు తోటి సభ్యుణ్ణి మతం పేరు పెట్టి తిట్టాడు. మీరు చుక్కలు పెట్టినా ఆ వీడియో ఊరూరా ఫోన్లలో తిరిగింది. మా తెలుగు శాసనసభల సంగతి సరేసరి, పిల్లలు పక్కనుంటే టీవీ కట్టేస్తున్నాం. కానీ తిట్టు తిట్టేనని వినగానే అందరికీ తెలుస్తుంది. నా బెంగంతా ఎవరికీ వినపడకుండా జారిపోయే పెద్దమనిషి మాటల గురించి.

2020 సెప్టెంబరులో, లాక్‌డౌన్‌లో ఊళ్లకు పోతూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారని లోక్‌సభలో అడిగారు. అలాంటి సమాచారం లేదని కార్మిక శాఖ రాతపూర్వకంగా చెప్పింది. మరుసటి ఏడాది జూలైలో రాజ్యసభలో ఆక్సిజన్ అందక పోయినవాళ్ల సంగతి అడిగారు. ఆక్సిజన్ కొరత వల్ల మరణాలంటూ రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ప్రత్యేకంగా ఏమీ తెలపలేదని ఆరోగ్య శాఖ జవాబు. ఈ రెంటిలో ఒక్క పరుషమైన మాట ఉందా? చుక్క పెట్టడానికి సందే లేదు.

ఆ జవాబుకు రెండు నెలల ముందు, 2021 మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకర్ రావడం ఆలస్యమై ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయింది. 11 మంది కొవిడ్ రోగులు చనిపోయారని అధికారులే ప్రకటించారు. పార్లమెంటు రికార్డుల్లో ఆ 11 మందీ "ప్రత్యేకంగా" అన్న మాట కిందికి పోయారు.

ఢిల్లీనే అనడం ఎందుకు? 2019 జూన్‌లో తెలంగాణలో కాంగ్రెస్ టికెట్ మీద గెలిచిన 12 మంది ఎమ్మెల్యేలు అధికార టీఆర్‌ఎస్‌లో చేరితే దాన్ని "విలీనం" అన్నారు, అదేదో రెండు నదులు కలిసినట్టు. ఏ పార్టీ కండువా మార్చి ఏ పార్టీ కండువా కప్పుకున్నా "నియోజకవర్గ అభివృద్ధి కోసమే". తలలు పగిలినా "స్వల్ప లాఠీచార్జి". తనవాడు కేసులో ఇరుక్కుంటే కుట్ర, ఎదుటివాడు ఇరుక్కుంటే "చట్టం తన పని తాను చేసుకుపోతుంది".

మీ వృత్తిలో మీకు పెద్దన్నలు లండన్‌వాళ్లు. 2021 జూలైలో ప్రధాని బోరిస్ జాన్సన్ అబద్ధాలాడారన్నందుకు డాన్ బట్లర్ అనే సభ్యురాలిని ఆ పూటకు సభ నుంచి బయటికి పంపారు. ఇదే జాన్సన్, లాక్‌డౌన్ నాటి విందుల వ్యవహారంలో, తెలిసే సభను తప్పుదోవ పట్టించారని 2023 జూన్‌లో సభా హక్కుల సంఘం తేల్చింది. అది వేరే వ్యవహారం, మనిషి మాత్రం ఆయనే. అబద్ధమన్న ఆవిడను పంపెయ్యడానికి కాసేపు చాలింది. అబద్ధమాడినట్టు తేల్చడానికి విచారణలు కావలసి వచ్చాయి.

కాబట్టి నా విన్నపం ఒకటే. వచ్చేసారి పుస్తకానికి రెండో సంపుటం వేయండి. అడిగినదానికి చెప్పకుండానే చెప్పినట్టు రాసిన ప్రతి జవాబునూ శాఖ పేరుతో, తేదీతో సహా అందులో అచ్చు వేయండి. ఏ పార్టీ హయాంలోనిదైనా వదలకండి, ఎక్కడా చుక్కలు పెట్టకండి. 1,100 పేజీలు చాలకపోతే కాగితం ఖర్చు మా పన్నుల్లోంచే తీసుకోండి, మేమేమీ అనుకోం.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ఓటరు