సీటిచ్చి చేతులు దులుపుకుంటే సరా?

మా పక్కింటి కుర్రాడు బీటెక్ చేసి, ఐఐఎంల ప్రవేశపరీక్ష క్యాట్‌కి చదువుతున్నాడు. పొద్దున్నే కాఫీ వేళకి వచ్చి, "నేను జెమ్‌ని మాస్టారూ, మాకు సీటు రావడం చాలా కష్టం" అంటాడు. జెమ్ అంటే జనరల్, ఇంజనీర్, మేల్ అట. కోచింగ్ సెంటర్లు కనిపెట్టిన మాట. ఆడపిల్లలకి పాయింట్లు, బీకాం వాళ్ళకి పాయింట్లు, రిజర్వేషన్ వాళ్ళకి సీట్లు, మరి నాకేంటని వాడి ఏడుపు. మా రోజుల్లో ఈ ఏడుపు లేదు. ఎందుకుంటుంది? క్లాసులో దాదాపు అందరూ వాడిలాంటివాళ్ళే.

ఆంధ్రా యూనివర్సిటీలో ఎంబీఏ 1957లోనే పెట్టారు. కలకత్తా, అహ్మదాబాద్ ఐఐఎంలు వచ్చింది ఆ తర్వాత, 1961లో. అంత ముందు వచ్చి ఎవరికి అందింది ఆ చదువు? నేను వాల్తేరులో చదివేనాటికి బెంచీల నిండా ప్లీడర్ల కొడుకులు, మిల్లు ఓనర్ల మేనల్లుళ్ళు. ఆడపిల్లలు ఉన్నారంటే ఉన్నారు. ఎంబీఏ చదువుతానన్న కూతురితో "చదివి ఏం చేస్తావు, కొట్టు పెడతావా?" అన్న తండ్రుల్ని నేనెరుగుదును. తర్వాత నేను పాఠాలు చెప్పిన కాలేజీలో ఎస్సీ, ఎస్టీ సీట్లు ఏటా కొన్ని మిగిలిపోయేవి. "అర్హులు రాలేదు" అని ఫైల్లో ఓ ముక్క రాసి కట్ట కట్టేసేవారు. నోటిఫికేషన్ పడేది ఇంగ్లీషు పేపర్లో ఓ మూల. ఆ పేపరు వచ్చే పల్లెలెన్ని?

కనక మా రోజులు బంగారమని నేననను. కాకపోతే అప్పుడు ఒకటుండేది, తీరిక. రెండేళ్ళ కోర్సంటే రెండేళ్ళూ కోర్సే. పల్లె నుంచి వచ్చినవాడు మొదటి ఏడు నోరు విప్పకపోయినా, రెండో ఏటికి బాలెన్స్ షీటు ముందేసుకుని మమ్మల్ని కడిగేసేవాడు. సాయంత్రాలు ఓ లెక్చరర్ హాస్టల్ వరండాలో కూర్చుని పిల్లలచేత హిందూ పేపరు పైకి చదివించేవారు. దానికో సెల్లూ, కమిటీ, బ్యానరూ లేవు.

ఇప్పుడు అవన్నీ ఉన్నాయి, కోటాలూ ఉన్నాయి. ఎస్సీలకి 15 శాతం, ఎస్టీలకి 7.5 శాతం ముందునుంచీ ఉన్నవే. ఓబీసీలకి 27 శాతం అంటూ 2006లో చట్టం చేస్తే, కోర్టుల చుట్టూ తిరిగి 2008లో సుప్రీంకోర్టు సరేనంది. 2019లో ఆర్థికంగా వెనకబడినవాళ్ళకి ఈడబ్ల్యూఎస్ పేరుతో పది శాతం. కోజికోడ్ ఐఐఎంలో 2013 బ్యాచ్‌లో సగానికి పైగా అమ్మాయిలే అని చదివినప్పుడు, పైకి గొణిగినా లోపల సంతోషించాను. చాలా ఐఐఎంలు జీడీ (గ్రూప్ డిస్కషన్) తీసేసి రాతపరీక్ష పెట్టడమూ మంచి పనే. జీడీలో గెలిచేది గొంతు, బుర్ర కాదు.

మెరిట్ మంటగలిసిందని వాపోయే నా ఈడువాళ్ళతో నాకు పేచీ. నా గొణుగుడంతా పిల్ల గేటు దాటి లోపలికెళ్ళాక జరిగేదాని మీద.

జూన్, జూలైల్లో చేరతారా, అక్టోబరు, నవంబరుకల్లా సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి కంపెనీలు వచ్చి కూర్చుంటాయి. ఆ ఇంటర్న్‌షిప్ చేసినచోటే చాలామందికి ఉద్యోగమూ ఖాయమవుతుంది. అంటే రెండేళ్ళ చదువులో తేలాల్సినది నాలుగు నెలల్లో తేలిపోతుంది. సీవీలో ఏముండాలి? స్కూల్లో డిబేట్ కప్పు, కాలేజీ ఫెస్ట్ నడిపిన పేరు, పెద్ద కంపెనీలో ప్రాజెక్టు. తెల్లారగట్ల లేచి పాలు పోసొచ్చి బీకాం ఫస్ట్ క్లాసులో పాసైన పిల్ల ఆ కాగితంలో ఏ గడిలో ఇముడుతుంది? రాత్రి పదింటికి గ్రూపులు కట్టి కేస్ చదువుతారు. గ్రూపు ఎవరు ఎవరితో కడతారో ఎవరూ చెప్పక్కర్లేదు. మెస్సులో మొదటి ప్రశ్న "నీ పర్సెంటైల్ ఎంత?" అదేదో కుశలప్రశ్న అనుకునేరు. నువ్వు ఏ లిస్టులోంచి వచ్చావని అడగడానికి మర్యాదైన దారి అది. ఆ తర్వాత ఆ పిల్ల క్లాసులో చెయ్యెత్తుతుందా? కేస్ క్లాసులో మాట్లాడితేనే మార్కులాయె. కొన్నిచోట్ల తరగతులకి ముందే పిలిచి కొన్నాళ్ళు లెక్కలు, ఇంగ్లీషు చెబుతున్నారు, కాదనను. ఆ నాలుగు నెలల పందెం మాత్రం ఎవరూ ఆపరు. బ్రోచర్ మీద ఫోటోకి మాత్రం ఆ పిల్లనే ముందు నిలబెడతారు.

ఫీజు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2004లో కేంద్రమంత్రి మురళీ మనోహర్ జోషి ఐఐఎం ఫీజు ఏడాదికి లక్షన్నర నుంచి ముప్ఫై వేలకి తగ్గించమంటే స్వయంప్రతిపత్తి పోయిందని దేశమంతా గగ్గోలు. 2008లో అహ్మదాబాద్ మొత్తం కోర్సుకి పదకొండున్నర లక్షలంది. ఇప్పుడు పాతిక లక్షల చుట్టూ తిరుగుతోంది. జోషి గారి పద్ధతి నాకూ నచ్చలేదు కానీ, ఇంత ఫీజు మామూలు కుటుంబం ఎలా కడుతుందన్న ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

పాఠం చెప్పేవాళ్ళ సంగతా? అధ్యాపక పోస్టుల్లో రిజర్వేషన్‌కి 2019లో చట్టం వచ్చింది. బోర్డు ముందు ఇప్పటికీ పాత మొహాలే ఎక్కువ.

సరే, నా గొణుగుడు పక్కన పెట్టి ఓ పని చేసిపెట్టండి. మీ వీధిలో డిగ్రీ ఆఖరి ఏడు చదివే పిల్లలుంటే ఈ నాలుగు ముక్కలు చెప్పండి. క్యాట్ దరఖాస్తులు ఆగస్టులో మొదలవుతాయి, పరీక్ష నవంబరు చివరి ఆదివారం. డిగ్రీలో 50 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకైతే 45 చాలు, ఫీజు కూడా సగమే. ఎస్సీ పిల్లలకి కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపైతే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది. అన్నిటికన్నా ముఖ్యం: రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ ఐఐఎంలలో చెల్లదు. కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకుని, ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో ఇమ్మని తహసీల్దారు ఆఫీసులో ముందే అర్జీ పెట్టించండి.