పుస్తకాన్ని చేతిలో పెట్టేవాళ్ళేరి?

మా నారాయణఖేడ్‌లో ఇప్పుడు దొరకనిదంటూ లేదు. గల్లీకో సెల్‌ఫోన్ దుకాణం, రోడ్డు పొడుగునా బిర్యానీ సెంటర్లు, ఊరి బయట ఫంక్షన్ హాళ్ళు. ఒక్క కథల పుస్తకం కొనుక్కుందామంటే మాత్రం హైదరాబాద్ బస్సెక్కాలి. స్టేషనరీ దుకాణంలో అడిగితే గైడ్లు చూపిస్తారు, క్వశ్చన్ బ్యాంకులు చూపిస్తారు. కథలు కావాలి, కవిత్వం కావాలి అంటే మన మొహం వంక చూస్తారు.

"మీ రోజుల్లో దుకాణం ఉండేదా తాతా?" అని మా మనవడు అడుగుతాడు. లేదు. అప్పుడూ లేదు. కానీ పుస్తకం వచ్చేది. రాసినాయన ఎవరో మాకు తెలియకపోయినా, ఆ పుస్తకం చదివిన మనిషి ఒకడు తెచ్చి చేతిలో పెట్టి, ఇది చదువు అని చెప్పి పోయేవాడు. ఇప్పుడు కరువొచ్చింది పుస్తకాలకు కాదు, ఆ మనిషికి. నా కోపమంతా దాని గురించే.

నేను తపాలా కొలువు చేసి రిటైరైనవాణ్ని. 1970ల చివర్లో చేరాను. పుస్తకం ఊళ్ళోకి రావాలంటే అప్పట్లో మా సంచీలోనే రావాలి. బుక్ పోస్టు కట్ట ఎట్లా ఉండేదో ఈ కాలం పిల్లలకు తెలియదు. చుట్టూ కాగితం చుట్టి, పురికొస కట్టి, కొసలు తెరిచి ఉంచాలి. లోపల ఉత్తరం పెట్టకూడదు, అనుమానమొస్తే తపాలావాళ్ళు తీసి చూసుకోవచ్చు. అందుకే ఛార్జీ తక్కువ. తెరిచిన కొసలోంచి పుస్తకం అంచు కనబడేది, ఒక్కోసారి పేరు సగం కనబడేది. బల్ల మీద కట్టలు పేర్చుకుంటూ ఆ సగం పేర్లు చదవడం నాకు అలవాటైపోయింది. ఎవరికి ఏ పుస్తకం వచ్చిందో నాకు తెలిసేది.

వి.పి.పి.లో వచ్చిందంటే డబ్బులు కట్టి విడిపించుకోవాలి. గడువు దాటితే కట్ట తిరుగుటపాలో వెనక్కి పోతుంది. నెలాఖరున ఒక బడిపంతులు వచ్చి, "రెండు దినాలు ఆపు బిడ్డా, జీతం పడంగనే తీసుకపోత" అని బతిమాలేవారు. గడువున్నంత వరకు ఆపేవాణ్ని. ఆయన చదివాక ఆ పుస్తకం నాకొచ్చేది, నా తర్వాత దవాఖానా కంపౌండరుకు, ఆయన దగ్గర్నుంచి కరెంటు లైన్‌మన్‌కు. పంతులు ఊరికే ఇచ్చేవారు కాదు. "మొదటి కథ వదిలెయ్, మూడోది చదువు. దాంట్ల ఉన్నది మన అంగడే" అని చెప్పి ఇచ్చేవారు. ఆ ఒక్క మాటతో పేరు కూడా ఎన్నడూ వినని రచయిత మాకు దగ్గరివాడైపోయేవాడు.

మాది అసలే సరిహద్దు సీమ. కాస్త పడమరకు పోతే బీదర్. అంగట్లో నిలబడితే తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ వినబడతాయి. నిజాం కాలంలో బడి చదువు ఉర్దూలోనే సాగింది. ఇట్లాంటి చోటికి తెలుగు పుస్తకం తనంతట తాను రాదు, ఎవరో మోసుకురావాలి. మోసుకొచ్చినవాళ్ళు ఉన్నారు కాబట్టే మా తరానికి చదువు రుచి తెలిసింది.

మేం సంగారెడ్డి పోయే తోవలో జోగిపేట ఉంది. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం 1930లో అక్కడే జరిగింది. అధ్యక్షులు సురవరం ప్రతాపరెడ్డి గారు. నాలుగేళ్ళకు, 1934లో, ఆయనే గోలకొండ కవుల సంచిక తెచ్చారు. తెలంగాణలో కవులు లేరని ఒకాయన రాసిన మాటకు అది జవాబు. మాటకు మాట అని ఊరుకోలేదు. మారుమూల ఊళ్ళ కవుల్ని వెతికి, పద్యాలూ వివరాలూ తెప్పించి, 354 మందిని ఒక్క పుస్తకంలో కూర్చి లోకం ముందు పెట్టారు. వాళ్ళలో ఎందరి పేర్లు అంతకుముందు సొంత తాలూకా దాటి ఉంటాయి? పేరులేని రచయితను పదిమందికి తెలియజెప్పడమంటే నా లెక్కలో అదీ. ఫోను లేదు, కారు లేదు, సర్కారు అండ అసలే లేదు. చేతిలో ఉన్నది గోలకొండ పత్రిక ఒక్కటి.

వట్టికోట ఆళ్వారుస్వామి గారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ముప్పైకి పైగా పుస్తకాలు వేశారు. వేసి గోదాములో పడేయలేదు. సంచీలో పెట్టుకుని ఊరూరూ తిరిగి, మనిషి మనిషితో మాట్లాడి అమ్మారు. ప్రచురించినవాడూ ఆయనే, మోసినవాడూ ఆయనే, ఇందులో ఏముందో చెప్పినవాడూ ఆయనే. ఆ రోజుల్లోనే కె.సి. గుప్త గారి అణా గ్రంథమాల నడిచింది. పేరులోనే వెల ఉంది. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. కూలికి పోయేవాడు కూడా కొనగలగాలన్న పట్టుదల అది.

మా వయసుకు ఎమెస్కో వారి 'ఇంటింటా సొంత గ్రంథాలయం' వచ్చింది, ఇంటికే పుస్తకాలు పంపే పథకం. విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను జిల్లాలు తిరిగేది. 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పుట్టింది. వాళ్ళు వేసిన 'ఏడు తరాలు', అంటే అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి చేసిన తెలుగు, మా వైపు ఎంత తిరిగిందంటే నా వంతు వచ్చేసరికి దానికి ముందు అట్ట లేదు, చివరి పేజీలు దారంతో కుట్టి ఉన్నాయి. ఎక్కడో అమెరికాలో బానిసల కథ. ఖేడ్‌లో చేతులు మారి మారి అరిగిపోయింది.

పత్రికల సంగతి కూడా చెప్పాలి. వారపత్రికల్లోనూ, 1991లో ఆగిపోయిన 'భారతి'లోనూ కొత్త పుస్తకాలకు చోటుండేది. సమీక్షకు రెండు ప్రతులు పంపాలని షరతు. రాసినాయన పేరున్నవాడైనా, చేతి డబ్బుతో అచ్చేసుకున్న కొత్తవాడైనా అదే షరతు, అదే పేజీ. కింద చిన్న అక్షరాల్లో పుటలెన్ని, వెలెంత, ప్రతులకు ఎవరికి రాయాలి అని ఉండేది. ఆ చిరునామాకు మా కౌంటరు నుంచే మనియార్డర్లు పోయేవి. సమీక్షకుడు మొహమాటపడేవాడు కాదు. ఫలానా కథ తేలిపోయింది, ఫలానా పద్యంలో దమ్ముంది అని తేల్చి రాసేవాడు. అందుకే ఆయన మెచ్చుకుంటే మేం నమ్మేవాళ్ళం.

మరి ఇప్పుడు? అచ్చు సులువైంది. మూడు వందల ప్రతులు వేసుకోవచ్చు, అడిగినప్పుడు ఒక్కటే అచ్చేసి ఇచ్చే పద్ధతీ వచ్చింది. ఆన్వీక్షికి, ఛాయ, అజు లాంటి చిన్న ప్రచురణ సంస్థలు కొత్త రచయితల పుస్తకాలను ముచ్చటగా తెస్తున్నాయి. నాకు చాలా సంతోషం. మా కాలంలో ఎన్నడూ అచ్చుకెక్కని ఊళ్ళు, కులాలు, మాండలికాలు ఇప్పుడు పుస్తకాల్లోకి వస్తున్నాయి. రాసేవాళ్ళ మీద నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు ఆ తర్వాత జరిగే తంతు మీద. ఆవిష్కరణ సభ పెడతారు. వేదిక మీద పదిమంది, ఎదురుగా ముప్పైమంది. శాలువాలు కప్పుతారు. పుస్తకం రంగుకాగితం విప్పేది అప్పుడే కదా, వక్తలు చదివేదెప్పుడు? అయినా అద్భుతం అంటారు, మైలురాయి అంటారు. ఏ కథలో ఏముందో ఒక్కరూ చెప్పరు. సభ అయ్యాక రచయిత సంతకాలు పెట్టి వందదాకా ఊరికే పంచుతాడు. తీసుకున్నవాళ్ళు బీరువాలో పెడతారు. దుకాణానికి ఇస్తే వందకు ముప్పయి నలభై కమీషన్ పోతుంది, ఆ మిగిలింది ఎప్పుడొస్తుందో తెలియదు. మిగతా కట్టలు మంచం కిందికి పోతాయి. రెండేళ్ళు కష్టపడి రాసిన పిల్లవాడికి ఈ గతి పట్టడం నాకు కడుపులో దేవినట్టుంటుంది.

ఫోన్లో చెబుతున్నారు కదా తాతా అంటాడు మనవడు. చూపించాడు కూడా. పుస్తకం అట్ట, పక్కన టీ కప్పు, కింద 'తప్పక చదవాల్సిన పుస్తకం' అని ఒక ముక్క. ఎందుకు చదవాలి? ఎవరి కథ? ఏ ఊరిది? భాష ఎట్లుంది? ఒక్కటీ లేదు. పైగా ఆ ఫోను ఇంతకుముందే పదివేలమంది చూసినదాన్నే మళ్ళీ మన ముందుకు తోస్తుంది. ఎవరూ ఎరగని పుస్తకాన్ని వెతికి చూపించడం దానికి చేతకాదు. అది చదివిన మనిషే చెయ్యాలి.

ఎవరూ చెప్పకపోతే నష్టమేమిటో ఒక్క ఉదాహరణ చెబుతాను. మా ఖేడ్ చుట్టూ లంబాడీ తండాలున్నాయి. చెరుకు నరికే కాలమొస్తే ముసలీ ముతకా తప్ప తండా తండా బయలుదేరి పోతుంది. ఆ బతుకుకు దగ్గరి బతుకును నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ రమేశ్ కార్తీక్ నాయక్ కథలుగా రాశాడు. పుస్తకం పేరు 'ఢావ్లో', గోర్ బంజారా కథలు. 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఢిల్లీకి తెలిసింది, మా తండాలకు తెలియలేదు. నా ప్రతిని డిగ్రీ చదివే ఒక తండా పిల్లవాడికి ఇచ్చాను. వారం లోపల తిరిగొచ్చి, "తాతా, మా అక్కకు ఒకటి కావాలె, ఏడ దొరుకుతది?" అని అడిగాడు. వాళ్ళక్క సంగారెడ్డిలో నర్సింగ్ చదువుతుంది. ఖేడ్‌లో దొరకదు, హైదరాబాద్ నుంచి తెప్పించాలి అని చెప్పాల్సి వచ్చింది. చదివేవాళ్ళు లేరని సభల్లో వాపోయే పెద్దలు ఆ పిల్లవాడికేం జవాబు చెబుతారు?

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. పాలమూరు వైపు తగుళ్ళ గోపాల్ కవిత్వం 'దండకడియం', 2021లో యువ పురస్కారం. చిత్తూరు వైపు పల్లిపట్టు నాగరాజు 'యాలై పూడ్సింది', 2022లో అదే పురస్కారం. ఇద్దరూ తమ ఊరి మాటను దిద్దకుండా కవిత్వంలోకి తెచ్చారు. వీళ్ళకు బహుమతులొచ్చాయి కాబట్టి నాలాంటి ముసలివాడి దాకా పేర్లు చేరాయి. బహుమతి రానివాళ్ళ సంగతేమిటి?

గ్రంథాలయాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మనమే కడుతున్నాం. వసూలు చేసిన స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు సరిగా జమ చేయవన్నది రాష్ట్రమంతా ఉన్న మొర. ఇక కొత్త పుస్తకం ఎక్కణ్నుంచి కొంటారు? ఎక్కడ చూసినా గ్రూప్ పరీక్షలకు చదువుకునే పిల్లలతో గదులు నిండి ఉంటాయి. వాళ్ళను నేను తప్పుపట్టను, కొలువు కావాలి. కానీ ఆ పిల్లలు తల ఎత్తినప్పుడు కంటికి ఎదురుగా ఈ ఏడు వచ్చిన కథల పుస్తకం ఒకటి కనబడాలా వద్దా? 1954 చట్టం ఒకటుంది. అచ్చయిన ప్రతి పుస్తకం ఒక ప్రతి కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలి. కలకత్తాకు పోయే తోవ చట్టంలో రాసిపెట్టారు. మంజీర ఒడ్డు పల్లెకు రావడానికి మాత్రం ఏ చట్టమూ లేదు.

నేను బతికిన తపాలా తోవ కూడా మూతబడింది. 2024 డిసెంబరులో బుక్ పోస్టు ఎత్తేశారు. ఆ వార్త చదివిన నాడు నాకు అన్నం సహించలేదు. చిన్న ప్రచురణకర్తలు మొత్తుకున్నారు. నూట యాభై రూపాయల పుస్తకానికి పంపే ఖర్చే సగమైతే ఎవరు తెప్పించుకుంటారు? 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్టు అని తెచ్చారు. మూడు వందల గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోలకు 100. నయమే. కానీ ఎంతమంది రచయితలకు ఇది తెలుసు? మీలో పుస్తకం వేసుకున్నవాళ్ళుంటే వెంటనే దగ్గరి పోస్టాఫీసులో అడగండి.

హైదరాబాద్‌లో ఏటా పుస్తకాల ప్రదర్శన జరుగుతుంది. లక్షలు పెట్టి పందిళ్ళు వేస్తారు, వేయండి. అది అయిపోయాక మిగిలిన పుస్తకాలను ఒక వ్యానులో వేసి రెవెన్యూ డివిజన్ కేంద్రాలు తిప్పడానికి అడ్డేమిటి? మా ఖేడ్ 2016 నుంచీ డివిజనే. డిపో ఉంది, కాలేజీ ఉంది, వారం వారం అంగడి ఉంది. అంగట్లో చెప్పులు పరిచినచోటే, కూరగాయలు పోసినచోటే పుస్తకాలూ పరవండి. ఊరికే పరిచి కూర్చుంటే లాభం లేదు. రాసిన పిల్లను, పిల్లవాణ్ని వెంట తీసుకురండి. బడి ప్రార్థన వేళ రెండు పేజీలు చదివించండి. డిగ్రీ కాలేజీలో ఒక గంట మాట్లాడించండి. తండాకు పోయి కూర్చోబెట్టండి.

రచయితలకూ ఒక మాట. హైదరాబాద్‌లో ఆవిష్కరణ చేసుకోండి, కాదనను. రెండో సభ మాత్రం మీ కథ ఏ ఊరిదో ఆ ఊళ్ళో పెట్టండి. పెద్ద వక్తలొద్దు, మీరే చదవండి. పుస్తకం వెనక అట్ట మీద ఫోన్ నంబరు కొట్టొచ్చినట్టు వేయండి. ఊరికే పంచకండి, వెల తీసుకోండి. వి.పి.పి. విడిపించుకోవడానికి ఒకటో తారీఖు దాకా ఎదురుచూసిన మనుషుల ఊరు ఇది, కొనుక్కునే చదువుతుంది. ఖేడ్ రావాలనుకునేవాళ్ళకు అంగడి రోజైతే మంచిది, చుట్టుపక్కల పల్లెల జనమంతా ఉంటారు. బస్టాండు దగ్గర బల్ల, గొడుగు నేను చూసిపెడతాను.