రాష్ట్ర జంతువు గారి రాత్రి భోజనం

మా చిన్నాయన మంచం పొలానికి చేరి నెల దాటింది. నందికొట్కూరు పక్కన నల్లరేగడి, వేసింది శనగ. మొలక రెండాకులు విప్పితే చాలు, రొళ్లపాడు వైపునుంచి కృష్ణజింకలు బారులు తీరతాయి. మొన్న రాత్రి నేనూ కాపలాకి పోయాను. చిన్నాయన టార్చి వేస్తే చేను నడిమధ్యలో ఇరవై జతల కళ్లు పచ్చగా మెరిశాయి. పారిపోతాయనుకున్నా. మెలికల కొమ్ముల మగజింక ఒకటి తలెత్తి, అప్పు అడగడానికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు మమ్మల్ని చూసి, మళ్లీ తల దించి మేతలో పడింది.

చిన్నాయన డబ్బా వాయిస్తూ "పోండి సామీ, పోండి" అన్నాడు.

"దొంగల్ని పట్టుకొని సామీ అంటావేంది చిన్నాయనా?"

"గవర్నమెంటోళ్లు నాయనా. చెయ్యెత్తితే లోపలేస్తారు."

నిజమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింకది మొదటి షెడ్యూలు. సల్మాన్ ఖాన్ అంతటివాడికే 1998 నాటి వేట కేసులో 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ కోర్టు అయిదేళ్లు వేసింది. ఆయన రెండు రోజుల్లో బెయిలు మీద బయటికొచ్చాడు. చిన్నాయనకు అలాంటి లాయర్లు లేరు. అదే ఏడాది మన సర్కారు కృష్ణజింకను రాష్ట్ర జంతువనీ, రామచిలుకను రాష్ట్ర పక్షి అనీ ప్రకటించింది. ఆ చిలుక జొన్నకంకుల్ని ఎలా వలుస్తుందో మా దగ్గర పసిపిల్లాడినడిగినా చెబుతాడు. అంటే రాత్రి షిఫ్టు రాష్ట్ర జంతువుది, పగటి షిఫ్టు రాష్ట్ర పక్షిది. రాష్ట్ర వృక్షం వేప ఒక్కటే మా పక్షాన ఉంది, గింజలు దంచుకుంటే కషాయమన్నా ఇస్తుంది.

ఇంకో తమాషా. రొళ్లపాడు అభయారణ్యం పెట్టింది జింకల కోసం కాదు. 1988లో బట్టమేక పిట్ట కోసం ఆరొందల హెక్టార్లకు పైగా గడ్డినేల కేటాయించారు. ఆ పిట్ట మిడతల్నీ పురుగుల్నీ ఏరుకు తినేది, రైతుకు మేలే. అదేమో ఇప్పుడు కనబడడం మానేసింది. పెళ్లికొడుకు రాని పందిట్లో జింకలు కాపురం పెట్టాయి. వాటిని అదుపులో పెట్టాల్సిన తోడేలు కనబడితే గొర్రెల కాపరి ఊరుకోడు.

ఇక పట్టాలేని దొంగ అడవిపంది. నల్లమల అంచున, కడప లంకమల కింద, వేరుశనగ ఊడ దిగిందంటే పందికి వాసన కొడుతుంది. పాపం, దాన్ని రాష్ట్ర జంతువు చెయ్యాలని ఎవరికీ తోచలేదు. చేను చుట్టూ పాత చీరలు కడతాం, మంగలిషాపు వెంట్రుకలు చల్లుతాం. అవి పనిచెయ్యకపోతే కొందరు కరెంటు తీగ లాగుతారు. దానికి పందే తగలాలని లేదు, పొద్దున్నే నీళ్లు కట్టడానికొచ్చిన పక్క చేను రైతూ తగులుతాడు. ఇంకొందరు పిండిముద్దలో నాటుబాంబు పెడతారు. సీమలో బాంబుల కాలం పోయిందని సంబరపడతాం గానీ, అవి మనుషుల్ని వదిలి పంది దవడలకు మారాయంతే. దవడ పగిలిన పంది వెంటనే చావదు, నీళ్లు తాగే నోరు లేక రోజుల తరబడి కంపల్లో తిరుగుతుంది. ఆ ముద్ద కొరికిన బర్రెకూ అదే గతి. ఆ వారమే అహోబిలం పోయి క్రోడ నరసింహస్వామికి సాష్టాంగపడతాం. క్రోడమంటే పందే.

కాకి కథ ఇంకా బాగుంటుంది. తపస్సుకు అడ్డొచ్చాయని అగస్త్యుడు శపించాడట, యాగంటిలో కాకి వాలదంటారు. 1972 చట్టం కూడా కాకిని ఎలుకలతో, గబ్బిలాలతో కలిపి చంపదగ్గ జాబితాలో వేసింది. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ జాబితానే ఎత్తేశారు. అగస్త్యుడు మాత్రం ఇంకా సవరణ చెయ్యలేదు. అంత పాపిష్టి పక్షినీ ఇంట్లో పెద్దాయన పోయిన పదో రోజు మిద్దెక్కి, వచ్చి నాలుగు మెతుకులు ముట్టవమ్మా అని బతిమాలుకుంటాం.

చిన్నాయన జింకల్ని చంపమని ఏనాడూ అనలేదు. "మా నాయన కాలంలోనూ తిన్నాయిలే. వాటికని నాలుగు సాళ్లు వదిలేవాళ్లం. ఇప్పుడు పండేదే నాలుగు సాళ్లు" అన్నాడు. నష్టపరిహారానికి ఒక ఆఫీసుకు పోతే జింక మేస్తున్న ఫొటో ఉందా అన్నారట. జింక నిలబడి ఫోజిచ్చింది గానీ, చిన్నాయన దగ్గరున్నది బటన్ ఫోను.

జీవకారుణ్యం మంచిదే, నేనూ దాని పక్షమే. కాకపోతే దాని బిల్లు ఇప్పటిదాకా చిన్నాయన ఒక్కడి పేరు మీదే వస్తోంది. రాష్ట్ర జంతువని బిరుదిచ్చినవాళ్లు దాని మేత ఖర్చూ కట్టాలి. పంది నోట్లో బాంబు పాపమన్నవాళ్లు చేను చుట్టూ కంచె వేయించాలి. అందాకా చిన్నాయన పక్కన ఇంకో మంచం ఖాళీగానే ఉంది. జంతుప్రేమికులు ఎవరైనా రావచ్చు. చలి గట్టిగా ఉంది, దుప్పటి మీరే తెచ్చుకోవాలి.