ఎండ ఊళ్లో డి బిళ్ల

తిరుపతి ఎండ సంగతి చెప్పక్కర్లేదు. అదే ఊళ్లో మందుల షాపుకెళితే వారానికొకటి చొప్పున మింగే అరవై వేల యూనిట్ల విటమిన్ డి బిళ్ల, పక్కనే కాల్షియం డబ్బా. నవ్వొస్తోందా? అక్కడి స్విమ్స్ ఆసుపత్రి పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనం చూస్తే ఆ నవ్వు ఆగుతుంది. పట్నవాసుల రక్తంలో డి తక్కువ. ఎండలో పొలం పని చేసే పల్లెజనానికి కాస్త మెరుగు. తిండిలో కాల్షియం మాత్రం ఇద్దరికీ చాలదు.

లోటు నిజమే. డాక్టరు చూసి రాస్తే మింగాల్సిందే.

పేచీ అంతా ఏ పరీక్షా లేకుండా 'ఎముకలకు బలం' అంటూ కొనేసే దగ్గరే. బిళ్లలు మాత్రం పరీక్ష రాశాయి. డి గారిని అమెరికాలో 25,871 మందిపై పరీక్షించారు. లోటుందా లేదా అని చూసి ఎంచిన వాళ్లు కారు. రోజుకు 2,000 యూనిట్లు, దాదాపు అయిదేళ్లు. 2022లో ఫలితం: ఎముకలు విరగడం తగ్గలేదు. కాల్షియం గారు డిని పక్కన కూర్చోబెట్టుకుని మరీ రాశారు: 36,282 మంది మహిళలు, ఏడేళ్లు. 2006లో ఫలితం: తుంటి ఎముక సాంద్రత రవ్వంత పెరిగింది, విరుగుళ్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. కిడ్నీ రాళ్లు మాత్రం 17 శాతం పెరిగాయి!

మరి కాల్షియం తిండిలో ఎక్కడుంది? వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా ఉంది. అందులో కొంత ఆ గింజల్లోనే ఉండే ఫైటేట్లు పట్టేస్తాయి గనక పాలు, పెరుగు తోడుండాలి. తిరుపతి, చిత్తూరు వైపు ఇప్పుడు రాగి సంగటి హోటల్ 'స్పెషల్' అయింది. పాలు డెయిరీ క్యాన్లోకి, వాటి డబ్బు మందుల షాపు గల్లాలోకి.