ఉప్పల్ రోడ్డుకు తెలియని అడవి లేదు

ఆదివాసుల గురించి నగరానికి ఏమీ తెలియదని వాపోయే పెద్దమనుషులు ఒకసారి తార్నాకలో మెట్రో ఎక్కి ఉప్పల్ దాకా కిటికీలోంచి కిందికి చూడాలి. తెలియకపోవడమేమిటి! ఈ దారిలో వాళ్ల నెత్తురు లెక్క ఒక ప్రహరీ లోపల, వాళ్ల కాళ్ల కింది రాతి లెక్క ఇంకో ప్రహరీ లోపల, వాళ్ల కొండల పటం మరో ప్రహరీ లోపల భద్రంగా ఉన్నాయి.

ఆ మొదటి ప్రహరీ లోపలి సీసీఎంబీ శాస్త్రవేత్తలు అమెరికా వాళ్లతో కలిసి 2009లో 'నేచర్' పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 25 సమూహాలు, 132 మంది డీఎన్‌ఏ. అందులో మన చెంచులూ ఉన్నారు. ఈ దేశంలో చాలా కులాల్లో, తెగల్లో రెండు ప్రాచీన జనాల వారసత్వం కలగలిసి ఉందని తేలింది. అంటే నల్లమల చెంచుకూ నాచారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటుకూ ఎక్కడో చుట్టరికం ఉందన్నమాట. ఆస్తి పంపకాలప్పుడు ఆ చుట్టరికం ఎవరికీ గుర్తురాలేదు. దాయాదుల సంగతి తెలిసిందేగా.

ఇక ఎన్‌జీఆర్‌ఐ. 1961 నుంచి భూమి కడుపులో ఏముందో చూస్తోంది. హెలికాప్టర్‌కు యంత్రం వేలాడదీసి నేల లోపలి పొరలు చెప్పేయగల విద్య అక్కడుంది. తప్పు ఆ విద్యది కాదు లెండి, స్కానింగ్ తీసినవాడిని తిట్టి లాభం లేదు. రిపోర్టు ఎవరి చేతికి పోతుందన్నదే అసలు సంగతి. నేల లోపల ఏముందో ఆకాశం నుంచే చెప్పగలిగిన ప్రభుత్వానికి, నేల మీద కోయవాడు దున్నుతున్న పోడు మాత్రం కనిపించదు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచే అక్కడున్నానని వాడే రుజువు తేవాలి. అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. పాపం, పెద్దల నోటికి రబ్బరు స్టాంపు ఉండదు.

హబ్సిగూడలో నాచారం వైపు తిరిగి మల్లాపూర్ మీదుగా పోతే ఎన్‌ఎఫ్‌సీ. జార్ఖండ్‌లోని జాదుగూడలో సంతాల్, హో ఆదివాసుల ఊళ్ల మధ్య 1967 నుంచి తవ్వుతున్న యురేనియం పసుపుపచ్చ ముద్దగా ఇక్కడికొచ్చి, అణు రియాక్టర్లకు ఇంధనమై వెళ్తుంది. పనికొచ్చేదానికి రైలో లారీయో దొరుకుతుంది. పనికిరాని గని వ్యర్థాల చెరువు మాత్రం అక్కడే, వాళ్ల ఊళ్ల పక్కనే.

అదే భాగ్యం మన చెంచులకూ పట్టబోయింది. 2019లో అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం 4,000 బోర్లు వేస్తామన్నారు. మంచినీళ్లకు ఒక్క బోరు కావాలంటే అధికారుల చుట్టూ తిరగాల్సిన చెంచు పెంటలకు, అడక్కుండానే నాలుగు వేలు! పులికి ఇబ్బందని చెంచును లేచిపొమ్మనే అడవిలో డ్రిల్లింగ్ మిషన్ మాత్రం పులికి పక్కింటి మనిషి లాంటిదట. జనం గోల చేశాక ఆ సెప్టెంబర్‌లో శాసనసభ వద్దని తీర్మానించింది. లేకపోతే ఏమయ్యేదో ఊహించడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

ఇదంతా చట్టం లేక కాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు వాళ్లకు గనుల లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997లో సమత తీర్పులో చెప్పింది. తవ్వకాల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి పెట్టమని కూడా చెప్పింది. ఆ తీర్పంటే మనకు అపారమైన గౌరవం. సెమినార్ పెట్టినప్పుడల్లా భోజనాలకు ముందు ఒకసారి తప్పకుండా తలుచుకుంటాం.

మనం బొత్తిగా ఏమీ ఇవ్వమని అనడం కూడా అన్యాయమే. కరువులో కప్పం కట్టలేమన్నందుకు మీదికొచ్చిన కాకతీయ సైన్యంతో పోరాడిన కోయ ఆడబిడ్డలుగా సమ్మక్క, సారలమ్మల కథ చెప్పుకుంటాం. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే ఉప్పల్ రింగ్‌రోడ్డులో బస్సుల కోసం వచ్చిన జనంలో ఇసుక వేస్తే రాలదు. సింగరేణి నల్ల బంగారం మన కరెంటుకు, బెల్లం బంగారం తల్లులకు. మారకం రేటు అడక్కండి, జాతరపూట అలాంటివి అడగకూడదు.

నాచారంలో చిన్న ఫ్యాక్టరీ ఉన్న ఒకాయన నిలువెత్తు బంగారం మొక్కుకున్నాడు. కిరాణా కొట్టు ముందు తరాజు పళ్లెంలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అవతలి పళ్లెంలో బెల్లం ముద్దలు పడుతున్నాయి, ఆయన మాత్రం లేవట్లేదు.

"ఇంకెన్ని పడాలె సేటూ?"

"ఇంక నాలుగైదు పడ్తయ్ సార్."

"అయ్యో, ఆ ఫోన్ బయటికి తియ్యుండ్రి, దాని బరువు గూడ మొక్కుల కలుస్తది" అంది భార్య.

ఆయన ఫోనుతో పాటు పర్సూ, తాళాల గుత్తీ తీసి ఆమె చేతిలో పెట్టి, బెల్టు కూడా విప్పడం మొదలుపెట్టాడు.